టికాల్‌లో సూర్యోదయం టూరు: సూర్యుడు కనిపించలేదు, వ్యాను ఆగలేదు

తెల్లవారుజామున మూడింటికి ఫ్లోరెస్‌లో మా లాడ్జి ముందు నలుగురం నిలబడ్డాం. నేను, మా ఇంటామె, బిడ్డ, అల్లుడు. నా నెత్తిన మంకీ క్యాప్. "బాపూ, మనం పోయేది గ్వాటెమాలా, అక్కడ ఎండలే ఎండలు, అది సూట్‌కేసులో పెట్టకు" అని హ్యూస్టన్‌లో బయల్దేరేముందే బిడ్డ గొడవపడింది. జనవరి నెల, చుట్టూ నీళ్లున్న ఊరు, కోడి కూయని వేళ. నీళ్ల పక్కన చలి ఎట్లా ఉంటుందో ముప్పై ఏళ్లకు పైగా చెరువు కట్టల మీద తిరిగిన మనిషికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. మూడింబావుకల్లా ఆ టోపీ అల్లుడి నెత్తిమీదికి పోయింది. మూడింటికి రావాల్సిన వ్యాను మూడూ నలభైకి వచ్చింది.

నేను కరీంనగర్ వాణ్ని. ఇరిగేషన్‌లో ఏఈగా చేరి ఈఈగా రిటైరయ్యాను. ఇప్పుడు ఆర్నెల్లు ఇక్కడ, ఆర్నెల్లు బిడ్డ దగ్గర. గ్వాటెమాలా అడవిలో ఉన్న పాత మాయా జాతివాళ్ల నగరం టికాల్ పోదామన్నది అల్లుడు. గుళ్లూ గోపురాలూ చూడటానికి అంత దూరం ఎందుకు, మన రామప్ప లేదా అనుకుంటూనే వెళ్లాను. వచ్చాక నా తోటి రిటైర్డ్ మిత్రులు నలుగురైదుగురు అడిగారు, ఎట్లా పోవాలి, ఏ టూరు తీసుకోవాలి అని. అందరికీ ఫోన్‌లో చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

ముందు ఊరి సంగతి. ఫ్లోరెస్ అనేది పేతెన్ ఇత్సా సరస్సులో చిన్న దీవి. పక్కనున్న సాంతా ఎలేనా ఊరికి రోడ్డుతో కలిపారు. స్పెయిన్‌వాళ్లకు చివరిదాకా లొంగని ఇత్సా మాయాల రాజధాని ఈ దీవి మీదే ఉండేది, 1697లో పడిపోయింది. టికాల్ అక్కణ్నుంచి 65 కిలోమీటర్ల దాకా ఉంటుంది, వ్యానులో గంటన్నర. దీవి మీద అడుగడుక్కీ ఒక టూరు ఏజెన్సీ ఉంటుంది. మేము డబ్బులు కట్టినచోట గోడ మీద నారింజరంగు సూర్యుడి ఫోటో, కింద "సూర్యోదయం గ్యారంటీ" అని రాసి ఉంది. కౌంటర్లో ఉన్నామె బిడ్డతో స్పానిష్‌లో చెప్పింది: ఎనిమిది మందికి మించి ఉండరు, ఇంగ్లిష్ మాట్లాడే గైడ్, శాకాహార టిఫిన్, తిరుగు వ్యాను పన్నెండున్నరకి.

ఎక్కి చూస్తే పదిహేడు మందిమి. టిఫిన్ పొట్లంలో హ్యామ్ శాండ్‌విచ్. మా ఇంటామె దాన్ని వాసన చూసి, మాట్లాడకుండా పక్కసీటు పిల్లవాడికి ఇచ్చేసి, సంచిలోంచి చెగోడీల డబ్బా తీసింది. గైడ్ మాత్రం నిజంగానే ఇంగ్లిష్ మాట్లాడాడు. కానీ అన్నీ పరుగుమీదే.

పార్కు గేటు దాటాక దారంతా పసుపుపచ్చ బోర్డులు. ఒకదానిమీద పాము, ఒకదానిమీద జాగ్వార్, ఇంకోదానిమీద ఒకరకం అడవి కోడి. జంతువులు రోడ్డు దాటుతాయి, నెమ్మదిగా పొండి అని. మా డ్రైవరు ఆలస్యాన్నంతా అక్కడే పూడ్చుకోవాలని చూశాడు.

మేము వెళ్లినప్పుడు విదేశీయులకు టికెట్టు 150 కెత్సాల్. ఆరు గంటలకు ముందే లోపలికి పోవాలంటే ఇంకో 100. డాలరుకు ఏడున్నర కెత్సాల్ పైన వస్తాయి, మీరే లెక్కేసుకోండి. పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోవాలి. చీకట్లో గైడ్ లేకుండా వదలరు. ఆ ఒక్క కారణం వల్లే ఈ ఏజెన్సీల సూర్యోదయం వ్యాపారం నడుస్తోంది.

గేటు నుంచి నాలుగో నంబరు గుడిదాకా అడవిలో ముప్పావుగంట నడక. చేతుల్లో టార్చిలు, కాళ్లకింద వేర్లు. గైడ్ ముందు, మేము వెనక. నా మోకాళ్ల సంగతి తెలిసిన బిడ్డ ప్రతి పది నిమిషాలకీ "బాపూ, కూచుంటావా" అంటోంది. కూచుంటే ఆ పదిహేడు మందిలో ఎవరికీ మేము గుర్తుండం అని నాకు భయం. గుడికి పక్కనుంచి చెక్క మెట్లు కట్టారు. లెక్కపెట్టడం మొదలుపెట్టి, వంద దాటాక ఊపిరికోసం మానేశాను. ఎత్తు దాదాపు 65 మీటర్లు. నాగార్జునసాగర్ డ్యాం 124 మీటర్లు, అంటే అందులో సగం కంటే కాస్త ఎక్కువ. ఇనుప పనిముట్టు లేకుండా, చక్రం బండి లేకుండా, ఎద్దూ గుర్రమూ లేకుండా, 741 ప్రాంతంలో యికిన్ చాన్ కవీల్ అనే రాజు కట్టించాడు. రాయి రాయీ మనిషి మోసుకొచ్చిందే.

పైన రాతి మెట్ల మీద వరుసగా కూచున్నాం. మాట్లాడొద్దన్నారు. ముందర ఏమీ లేదు, నల్లటి చీకటి. ఆరు కావస్తుండగా ఎక్కడో దూరంగా ఒక శబ్దం మొదలైంది. మొదట గాలి అనుకున్నాను. తర్వాత ఎవరో పాత రోడ్డు రోలరు స్టార్ట్ చేశారనుకున్నాను. అది పెరిగి పెరిగి, గొంతులో రాళ్లు దొర్లుతున్నట్టు, నాలుగు దిక్కులనుంచీ ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటున్నట్టు అయింది. మా ఇంటామె నా మోచేయి పట్టుకుని "ఏమండీ, పులా?" అంది. పులి కాదు, కోతులు. హౌలర్ మంకీ అంటారు. పదీ పన్నెండు కిలోలుండే జంతువు, గొంతులో ఉన్న బోలు ఎముక వల్ల అంత మోత చేస్తుంది. అల్లుడు నా మంకీ క్యాప్ పైకి మడిచి చెవులు బయటపెట్టి విన్నాడు.

ఇక సూర్యుడు. వచ్చే ఉంటాడు, మాకు తెలియలేదు. నల్లగా ఉన్నది బూడిదరంగు అయింది, బూడిదరంగు తెల్లబడింది, అంతే. పొగమంచు. పక్కనున్న ఒక కుర్రాడు ఫోన్ స్టాండు పెట్టి గంటసేపు తెల్ల గోడను వీడియో తీశాడు. చలికాలంలో ఇక్కడ ఇది మామూలేనని మధ్యాహ్నం ఇంకో గైడ్ చెప్పాడు. మరి గ్యారంటీ అని గోడమీద రాసినామెకు ఆ సంగతి తెలియదా? డబ్బు పోయిందని నాకు బాధ లేదు. ఆ కోతుల మోతకోసం మళ్లీ ఆ వంద కెత్సాల్ ఇస్తాను. కానీ ఇచ్చేటప్పుడు దేనికి ఇస్తున్నామో తెలిసి ఇవ్వాలి.

ఏడు కావస్తుండగా మంచు ఒకచోట చిరిగింది. చెట్లపైన మూడు రాతి తలలు తేలాయి, నీళ్లు తగ్గుతున్న చెరువులో మునిగిన గుడి శిఖరం బయటపడినట్టు. దగ్గరది మూడో గుడి, వెనకవి రెండు, ఒకటి. ఐదు నిమిషాల్లో మళ్లీ మూసుకుపోయింది. అప్పటికే మా గైడ్ కింద నుంచి చప్పట్లు కొడుతున్నాడు, దిగండి దిగండి అని.

ఆ తర్వాత రెండున్నర గంటల్లో ఏం చూశామో నాకే సరిగ్గా గుర్తులేదు. ఆయన చెప్పేవాడు, అడిగితే "తర్వాత" అనేవాడు. పదింటికి పది నిమిషాలుందనగా వ్యాను పదింటికే బయల్దేరుతుందని చెప్పాడు. పన్నెండున్నర అన్నారు కదా అని బిడ్డ నిలదీసింది. అది వేరే ప్యాకేజీ అట. రసీదు చూపించింది. భుజాలెగరేశాడు. మేము ఎక్కం అని చెప్పేశాం. వాళ్లు వెళ్లిపోయారు. మాకు ఆరోజు జరిగిన మంచిపని అదొక్కటే.

విజిటర్ సెంటర్ దగ్గర లైసెన్సు ఉన్న గైడ్లు దొరుకుతారు. టూరిజం శాఖ ఇంగ్వాట్ ఇచ్చిన కార్డు మెడలో ఉందో లేదో చూసుకుని మాట్లాడుకోండి. మాకు దొరికినాయన అరవైకి దగ్గరగా ఉంటాడు, రబ్బరు బూట్లు, నడుముకు కత్తి. నేనేం పని చేసేవాణ్నని అడిగాడు. బిడ్డ చెప్పింది. అంతే, ఆ నిమిషం నుంచి నన్ను "ఇంహెనియెరో" అనే పిలిచాడు. అక్కడ ఇంజనీరుకు అదే గౌరవవాచకమట, మనం డాక్టరుగారూ అన్నట్టు. రిటైరై ఇన్నేళ్లయ్యాక ఒకరు అట్లా పిలిస్తే ఎట్లా ఉంటుందో నా వయసువాళ్లకు తెలుస్తుంది.

ఆయన మమ్మల్ని గుళ్ల దగ్గరికి తీసుకుపోలేదు. ఒక పల్లం దగ్గరికి తీసుకుపోయి, గడ్డిలో నిలబెట్టి, "ఇంహెనియెరో, మీరు దేనిమీద నిలబడ్డారో చెప్పండి" అన్నాడు.

అటూ ఇటూ చూశాను. ఒకవైపు లోతు, ఇంకోవైపు ఇంకా లోతు, మధ్యలో మేం నిలబడ్డది పొడుగ్గా, తిన్నగా. "కట్ట" అన్నాను తెలుగులోనే. బిడ్డ అనువాదం చేసేలోపే ఆయనకు అర్థమైంది.

టికాల్‌లో నది లేదు. సున్నపురాయి నేల, నీరు నిలవదు. ఏడాదిలో నెలలతరబడి వాన ఉండదు. అంత పెద్ద నగరం బతికింది ఒడిసిపట్టిన వాననీటి మీదే. పెద్ద చౌకులన్నిటికీ గచ్చు చేసి, ఒకవైపు వాలుపెట్టి, పడ్డ చుక్కను పడ్డట్టు రిజర్వాయర్లలోకి దింపారు. ఊళ్లో జనం నడిచే పెద్ద బాటే చెరువు కట్ట. మేం నిలబడ్డది ప్యాలెస్ రిజర్వాయరు కట్ట. పరిశోధకుల లెక్కలో 80 మీటర్లకు పైన పొడవు, పది మీటర్ల ఎత్తు, దాదాపు ఏడున్నర కోట్ల లీటర్లు పట్టేది. మా డిపార్ట్‌మెంటు లెక్కలోకి మార్చి చూశాను, రెండున్నర ఎంసీఎఫ్‌టీ (మిలియన్ ఘనపుటడుగులు) పైచిలుకు. మన దగ్గర దాన్ని కుంట అంటాం, చెరువని కూడా అనం. కానీ ఆ కుంట ఒక కొండ నెత్తిన, రాజుగారి వాకిట్లో ఉంది. కింద ఇంకో కుంట, దానికింద ఇంకోటి. కాకతీయుల గొలుసుకట్టు చెరువులు చూసిన కళ్లకు కొత్త కాదు, అయినా ఒళ్లు జలదరించింది.

కట్టలో తూములు కూడా బయటపడ్డాయని చెప్పాడు. నేను చితుకు తీసుకుని మట్టిలో మన తూము ఎట్లా ఉంటుందో గీశాను. ఇది కట్ట, ఇది తూము, ఇది మత్తడి. ఆయన కూచుని మరీ చూశాడు. మత్తడి ఎందుకని అడిగాడు. ఎక్కువైన నీళ్లు కట్టను తెంపకుండా పోవడానికి అన్నాను. తలూపి నా బొమ్మ పక్కనే ఆయన ఇంకో గీత గీశాడు, కింది రిజర్వాయరుకు నీళ్లు మళ్లే దారి. ఎండలో ఇద్దరు ముసలివాళ్లం నేలమీద కూచుని గీతలు గీస్తుంటే మా అల్లుడు ఫోటో తీశాడు. అన్ని గుళ్ల ఫోటోలకంటే నాకు అదే నచ్చింది.

ఇంకో రిజర్వాయరు ఉంది, కొర్రియెంతాల్ అని. అందులో స్ఫటికం, జియోలైట్ అనే ఖనిజం ఉన్న ఇసుక బయటపడింది. జియోలైట్ చుట్టుపక్కల దొరకదు, ముప్పై కిలోమీటర్ల దూరం నుంచి తెచ్చి నీళ్లు వడకట్టడానికి వాడారని 2020లో పరిశోధకులు చెప్పారు. రెండువేల ఏళ్ల కిందటి వాటర్ ఫిల్టరు. అదే ఏడు వచ్చిన ఇంకో పరిశోధన చెడ్డ కబురు తెచ్చింది: గుళ్ల పక్కనున్న రిజర్వాయర్ల అడుగు మట్టిలో పాదరసం బాగా ఉంది, విషపు నాచు ఆనవాళ్లూ ఉన్నాయి. పాదరసం ఎక్కణ్నుంచి? గోడలకు పూసిన ఎర్రరంగు, ఇంగిలీకం అనే పాదరసపు ఖనిజం. వాన పడ్డప్పుడల్లా ఆ రంగు కడుక్కుపోయి రాజుగారు తాగే నీళ్లలోకే చేరింది. క్యాచ్‌మెంటులో, అంటే చెరువులోకి నీళ్లు వచ్చే మేరలో, ఏముందో చూసుకోకుండా చెరువు కడితే ఏమవుతుందో, సర్వీసులో ఉన్నప్పుడు ఎంతమందికి ఎన్ని నోట్ ఫైళ్లు రాశానో గుర్తొచ్చింది. టికాల్‌లో చివరి తేదీ చెక్కిన రాయి 869 నాటిది. ఊరు ఖాళీ కావడానికి కరువులూ, యుద్ధాలూ, ఇంకా ఏవేవో తోడయ్యాయి. నీళ్లు పాడవడం కూడా అందులో ఒకటి.

దారిలో ఒక చెట్టు దగ్గర ఆగాడు. మాను నిండా అడ్డంగా, ఏటవాలుగా పాత గంట్లు, మన గౌడన్నలు ఈత చెట్టుకు గీసినట్టు. మా ఇంటామె ఆకు చూసి "ఇది సపోటా కదండీ" అంది. సపోటానే! మన పెరట్లో నాలుగేళ్లకే కాసే మొక్క అక్కడ ఆకాశానికి పోయి ఉంది. ఆ చెట్టు పుట్టిల్లు అదే ప్రాంతం, మనం పిలిచే పేరు కూడా అక్కడి మాటే, స్పెయిన్‌వాళ్ల నోటమ్మట మనదాకా వచ్చింది. ఆ గంట్లలోంచి కారే పాలతోనే ఒకప్పుడు చూయింగ్ గమ్ చేసేవాళ్లు. గైడ్ వాళ్ల నాన్న ఆ పాలు గీసే పని చేసేవాడట, నెలలకొద్దీ అడవిలోనే. ఒక గంటు మీద వేలు పెట్టి చూశాను. అంచులు పూడి, గట్టిపడి, పెదవుల్లా అయ్యాయి.

గుళ్ల గుమ్మాలపైన దూలాలు కూడా సపోటా చెక్కవే. రాతి గుడిలో చెక్క దూలం, అదీ పన్నెండు వందల ఏళ్లు నిలిచింది. నాలుగో గుడి దూలాల మీద రాజు బొమ్మలూ, అక్షరాలూ చెక్కారు. 1877లో స్విట్జర్లాండ్ మనిషి ఒకాయన వాటిని ఊడదీయించి తన దేశానికి పంపించాడు. ఇప్పుడు బాసెల్ మ్యూజియంలో ఉన్నాయి. పొద్దున ఆ గుమ్మం ముందే గంటసేపు కూచున్నాం, మొదటి గైడ్ ఈ సంగతి ఒక్క ముక్క చెప్పలేదు.

పెద్ద చౌకుకు మధ్యాహ్నం చేరాం. ఫోటోల్లో అందరూ చూసేది ఇదే. తూర్పున ఒకటో గుడి, 47 మీటర్లు, నిట్టనిలువుగా తొమ్మిది అంతస్తులు. దానికింద జసావ్ చాన్ కవీల్ అనే రాజును జేడ్ అనే పచ్చరాయి నగలతో, బొమ్మలు గీసిన ఎముకలతో పాతిపెట్టారు. 695లో శత్రు నగరం కలక్‌ముల్ రాజును ఓడించి, చాలాకాలంగా కుంగిపోయి ఉన్న ఊరిని లేపింది ఆయనే. ఎదురుగా పడమట రెండో గుడి, 38 మీటర్లు, ఆయన రాణి పేర కట్టించిందంటారు. ఒకటో గుడి ఎక్కనివ్వరు. రెండోదానికి పక్కన చెక్క మెట్లున్నాయి, అల్లుడూ బిడ్డా ఎక్కారు. మేమిద్దరం కింద గడ్డిలో కూచున్నాం. మొహం నీలంగా, ఒళ్లంతా నెమలిపింఛం రంగులున్న సీమకోడి ఒకటి మా చెగోడీల డబ్బా చుట్టూ తిరిగింది.

నా కళ్లు మాత్రం గుడి గదుల మీదే. బయట అంత ఎత్తు, లోపల మనిషి చేతులు చాపితే తగిలేంత ఇరుకు. ఎందుకంటే వాళ్లకు కమాను తెలియదు. రెండు గోడలనుంచీ రాళ్లను కొంచెం కొంచెంగా ముందుకు జరుపుతూ పైన కలిపేస్తారు. గది వెడల్పు చేస్తే కూలిపోతుంది. గోడ మందం చూస్తే గదికంటే గోడే ఎక్కువ. ఇది చూసి తక్కువ అంచనా వేసేవాళ్లు ఆ గచ్చును ఒకసారి గోటితో గీకి చూడాలి. (నిజంగా గీకకండి, కాపలావాడు ఈల వేస్తాడు. నాకు వేశాడు.)

జంట పిరమిడ్లు కూడా చూశాం, 771లో కట్టినవి. 7,200 రోజులకొకసారి, అంటే ఇరవై ఏళ్లకు కాస్త తక్కువలో, కాలం ఒక మెట్టు దిగిందని ఒక సెట్టు కట్టేవాళ్లట. ముందు వరుసగా ఏమీ చెక్కని నున్నటి రాళ్లు నిలబెట్టి ఉన్నాయి. నాకు పెద్దగా పట్టలేదు, కాళ్లు కూడా అప్పటికి సహకరించలేదు.

ఇంకో ముచ్చట. మేం వెళ్లే దారిలో చిన్న మట్టిగుట్టలు బోలెడు, పైన చెట్లు. ప్రతిదీ ఇల్లో, గుడో. పార్కు 1955లో ఏర్పడింది, మన సాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసిన ఏడే. మరుసటి ఏడు నుంచి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంవాళ్లు పద్నాలుగేళ్లు తవ్వినా బయటపడింది కొంతే. తర్వాత విమానంనుంచి లేజర్‌తో సర్వే చేస్తే ఉత్తర గ్వాటెమాలా అడవిలో అరవై వేలకు పైగా కట్టడాలు తేలాయని 2018లో చెప్పారు. మేం లెవలింగ్ చేసిన రోజుల్లో ఇట్లాంటి అడవిలో ఒక కిలోమీటరు లైను కొట్టాలంటే వారం పట్టేది.

ఇక పోదామనుకునేవాళ్లకు. సూర్యోదయం ప్యాకేజీ ఫ్లోరెస్‌లో కొనకండి. డబ్బులుంటే ఒక రాత్రి పార్కు లోపలే బస చేయండి, అప్పుడు పొద్దున్నే గైడ్‌ను అక్కడే మాట్లాడుకోవచ్చు, మూడింటికి రోడ్డుమీద నిలబడే బాధ తప్పుతుంది. లేదంటే ఆరింటికి గేటు తెరిచాక పొండి. అప్పుడు మీకు ఏం తప్పిపోతుందీ అంటే, కోతుల మోత కొంచెం. మోకాళ్ల నొప్పులుంటే నాలుగో గుడి మెట్లకు క్రేప్ బ్యాండేజ్ కట్టుకోండి. దోమల మందు, నీళ్లు, స్వెటరు. మంకీ క్యాప్ తప్పనిసరి. లోపల గుళ్ల మధ్య దూరాలు ఎక్కువ, తిండి దొరకదు.

ఏజెన్సీకి తర్వాత బిడ్డ మెసేజ్ పెట్టింది. తిరుగు వ్యాను ఎక్కకపోవడం మా ఇష్టమేనట. ఐదుకు ఒక చుక్క ఇస్తున్నాను, అది కూడా ఆ డ్రైవరు ఏ అడవి కోడినీ గుద్దకుండా తీసుకెళ్లినందుకు. మధ్యాహ్నం గైడ్‌కు ఐదు. పార్కుకు నాలుగున్నర, ఆ సగం బోర్డుల మీద అక్షరాలు వెలిసిపోయినందుకు తగ్గించాను.

బయటికొచ్చేసరికి మూడైంది. కార్లు ఆగేచోట రేకుల కింద హోటళ్లున్నాయి. నల్ల బీన్స్, గుడ్డు, వేయించిన అరటికాయ, మక్క రొట్టెలు. బీన్స్‌లో పంది కొవ్వు వేస్తారు ఒక్కోచోట, "సిన్ మంతేకా" అని అడగాలి. రొట్టె మన మక్కరొట్టె కాదు, వాసన వేరే ఉంది. ఎందుకని బిడ్డ అడిగితే హోటలామె లోపలికి రమ్మని చూపించింది. మక్కలను సున్నపునీళ్లలో ఉడికించి, కడిగి, అప్పుడు రుబ్బుతారు. పొద్దుట్నుంచీ నేను చూసిన గోడలూ, చౌకులూ, గచ్చూ అన్నీ అదే సున్నం. గైడ్ నవ్వుతూ "కాల్, కాల్" అన్నాడు, వాళ్ల భాషలో సున్నానికి అదే మాట.

మా ఇంటామె ఆ తెల్ల ముద్దను కొంచెం వేలికి రాసుకుని చూసింది. "తాంబూలం సున్నమే" అని హోటలామెకు తెలుగులోనే చెప్పింది. ఆమె ఏమనుకుందో ఏమో, చిటికెడు కాగితంలో మడిచి ఇచ్చింది. నలుగురి భోజనానికి అయిన బిల్లులో దాన్ని కలపలేదు. సాంతా ఎలేనా పోయే షేరు వ్యాను అప్పుడే హారన్ కొట్టింది, ఈసారి మేమెక్కేదాకా ఆగింది.